పక్క సీటు బ్రేకు

హలో... ఆ, వినపడుతోందా అందరికీ? బాగున్నారా? ముందొక మాట. బండి తోలుతూ ఫోన్ చూస్తున్నవాళ్ళు ఎవరైనా ఉంటే పక్కకి ఆపండి బాబూ. ఆపారా? సరే, ఇప్పుడు చెప్తాను.

ఇది బ్రేకు మాస్టారి కథ. ఆయన డ్రైవింగ్ స్కూల్ నడుపుతాడు. స్కూల్ అంటే పెద్ద బిల్డింగేమీ ఊహించుకోకండి. ఇంటి ముందు గది, అందులో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకి రోడ్డు గుర్తుల పటం. బయట ఒకే ఒక్క కారు. తెల్లది, కరెంటుతో నడిచేది. ఇరవై రెండేళ్ళుగా పక్క సీట్లో కూర్చుని వేరేవాళ్ళ చేత తోలిస్తూ బతికాడాయన. నిద్రలో కూడా ఆయన కుడికాలు మంచం కోడుకి బ్రేకు వేస్తుందని భార్య ఇంటికొచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్విస్తుంది.

డ్రైవింగ్ నేర్పే కారుకి పక్క సీటు ముందు, కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది, తెలుసుగా? నేర్చుకునేవాళ్ళు కంగారుపడితే మాస్టారు తన కాలితో ఆపుతాడు. ఈ కారు కొన్నప్పుడు అది రాలేదు. మాస్టారి బావమరిది మెకానిక్. అతనే కారు అడుగున నాలుగు చిల్లులు వేసి, బోల్టులు బిగించి, ఒక ఇనప కడ్డీతో రెండు బ్రేకుల్నీ కలిపాడు. చెబితే వారంటీ పోతుందేమోనని కంపెనీకి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఈ కథ జరిగిన రోజుతో కారు వారంటీ అయిపోతోంది. బ్యాటరీకి ఎనిమిదేళ్ళుంది, దాని బెంగ లేదు. మిగతా వాటన్నిటికీ మూడేళ్ళే. సాయంత్రం ఐదులోపు షోరూమ్‌కి తీసుకెళ్ళి, బండి చూపించి, యాభై ఎనిమిది వేలు కడితే ఇంకో రెండేళ్ళు పొడిగిస్తారు. ఐదు దాటిందా, కాళ్ళావేళ్ళా పడ్డా తీసుకోరు.

నెల రోజులుగా ఇంట్లో ఇదే గొడవ. ఆ పొద్దున కూడా వంటగదిలో మొదలైంది.

"యాభై ఎనిమిది కట్టాక రెండేళ్ళలో ఏదీ పాడవకపోతే?" అంది భార్య. స్కూల్ ఫోన్ ఎత్తేది, ఎవరు ఏ గంటకి రావాలో బోర్డు మీద రాసేది ఆవిడే. ఆ రోజు క్లాసులన్నీ తుడిచేసింది.

"పాడవకపోతే సంతోషమేగా."

"సంతోషానికి యాభై ఎనిమిది వేలా?"

"మరి పాడైతే? వెనక వీధి కొరియర్ ఆయనది కూడా ఇదే కారు. లోపలుండే ఛార్జర్ పోయింది. ఎంతయిందో తెలుసా? లక్షా అరవై! రెండు నెలలు గుడ్డ కప్పుకుని పడుకుంది కారు. ఆయనకంటే ఇంకో బండుంది. మనకేముంది?"

బ్యాంకులో ఉన్నది అరవై ఒక్క వేలు. కారు వాయిదాలు ఇంకా పద్దెనిమిది నెలలున్నాయి. కారు ఆగితే స్కూల్ ఆగుతుంది. స్కూల్ ఆగితే ఆ వాయిదా ఎక్కణ్ణుంచి కడతారో ఇద్దరికీ తెలీదు. పోనీ కట్టేద్దామంటే, ఆ నాలుగు చిల్లుల సంగతేంటి?

అప్పుడే బావమరిది పానాల సంచీ ఊపుకుంటూ వచ్చాడు.

"ఇంకా తేల్చలేదా మీరు? బావా, వాళ్ళు చూసేది పది నిమిషాలు. నాలుగంటే నాలుగే బోల్టులు. ఇప్పుడు తీస్తా, నువ్వు తిరిగిరాగానే పెట్టేస్తా."

"చిల్లులో?" అన్నాడు మాస్టారు.

"పైన మ్యాట్ వేస్తాం."

"రేపు నిజంగానే ఏదైనా పోయిందనుకో, వాళ్ళు మ్యాట్ ఎత్తరా?" అంది అక్క.

"రేపటి సంగతి రేపు చూసుకుందాంలే అక్కా."

"నీ పెళ్ళప్పుడూ ఇదే మాటన్నావు."

"ఇప్పుడు నా పెళ్ళాం ఊసెందుకే మధ్యలో!"

మాస్టారికి నవ్వు రాలేదు. గోడ మీద గడియారం వైపు చూశాడు, కిటికీలోంచి కారు వైపు చూశాడు, తల ఊపాడు. అరగంటలో పని అయిపోయింది. ఊడదీసిన బ్రేకునీ కడ్డీనీ పాత తువ్వాలులో చుట్టి డిక్కీలో పెట్టాడు బావమరిది. కొత్త మ్యాట్ పరిచి, చేత్తో రెండుసార్లు దులిపాడు.

"చూడు బావా, పెళ్ళికూతురిలా ఉంది."

మూడున్నరకి మాస్టారు తాళాలు తీసుకుని బయటికొస్తే, గేటు దగ్గర నర్సమ్మ నిలబడి ఉంది. ఆవిడ ఆసుపత్రిలో నర్సు, వయసు నలభై అయిదు. లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పింది. మర్నాడు పొద్దున్నే మూడోసారి. పాసైతే ఇళ్ళకెళ్ళి రోగుల్ని చూసే ఉద్యోగం ఇస్తామన్నారు. లేదంటే మళ్ళీ రాత్రి డ్యూటీలే.

"ఈ రోజు క్లాసు లేదమ్మా. ఇంట్లో ఫోన్ చేసి చెప్పారుగా?"

"చెప్పారు మాస్టారూ. కానీ రేపే పరీక్ష, ఇంట్లో కూర్చోలేకపోయాను. మీరు షోరూమ్‌కేగా వెళ్ళేది? అక్కడిదాకా నేను తోలతాను. మీ పనికి అడ్డం రాను."

ఇక్కడే చూడండి, మనిషి బుర్ర ఎలా పనిచేస్తుందో. మాస్టారి తలలో ఒక పక్క యాభై ఎనిమిది, ఇంకో పక్క లక్షా అరవై తూగుతున్నాయి. త్రాసు ఎటూ ఒరగట్లేదు. ఆ ఊగిసలాటలో ఉన్నాడు మనిషి. "సరే ఎక్కండి" అనేశాడు. రోజూ చేసినట్టే పక్క సీట్లో కూర్చున్నాడు, రోజూలాగే ఫోన్ తీసి ముందు అరలో పడేసి మూత వేశాడు. క్లాసులో ఫోన్ ముట్టుకోకపోవడం ఆయన పెట్టుకున్న రూలు. రోజూలాగే కాలు ముందుకి చాపాడు.

వంటగది కిటికీలోంచి భార్య చూసింది. కారు మలుపు తిరుగుతోంది. తోలుతున్నది నర్సమ్మ. పక్కన ఈయన. ఆవిడ చేతిలో గిన్నె చేతిలోనే ఉండిపోయింది. "ఏమండీ!" అని అరుస్తూ గేటు దాకా పరిగెత్తింది. అప్పటికే కారు సందు దాటేసింది. కరెంటు కారేమో, చప్పుడు కూడా లేదు.

ముందు అరలో ఫోన్ గుర్రుమంది. ఆగింది. మళ్ళీ గుర్రుమంది.

"ఎవరో చేస్తున్నారు మాస్టారూ."

"బావమరిది అయ్యుంటాడు. లేటవుతోందని వాడి గోల. మీరు రోడ్డు చూడండి."

ఫ్లైఓవర్ ఎక్కారు. నర్సమ్మ బాగానే తోలుతోంది. ఫోన్ మూడోసారి గుర్రుమంది, నాలుగోసారీ. ఫ్లైఓవర్ దిగుతుంటే ఎదురుగా ఒక మూడు చక్రాల తోపుడు బండి. దాని మీద నిలువెత్తు అద్దం కట్టి ఉంది, ఏ బట్టల షాపుకో కాబోలు. తోసేవాడు రోడ్డు దాటుతూ, సరిగ్గా మధ్యలో చెప్పు జారి, వంగాడు.

"బ్రేకమ్మా" అన్నాడు మాస్టారు మామూలుగానే.

నర్సమ్మ తొక్కింది. కంగారులో తొక్కింది బ్రేకు కాదు, దాని పక్కది. కారు ఒక్కసారిగా ముందుకి దూకింది.

మాస్టారి కాలు దానంతటదే కిందికి దిగింది. ఇరవై రెండేళ్ళ అలవాటు. దిగి, మెత్తటి కొత్త మ్యాట్ మీద ఆగింది. అక్కడేమీ లేదు. మళ్ళీ తొక్కాడు. ఏమీ లేదు. అప్పుడు గుర్తొచ్చింది.

ఎదురుగా అద్దంలో తన కారే తన మీదకి వస్తోంది. తన మొహం కూడా కనపడుతోంది, నోరు తెరుచుకుని. అద్దం కింద నుంచి చెప్పు వెతుక్కునేవాడి రెండు కాళ్ళు కనపడుతున్నాయి.

"కాలు తియ్! కాలు తీసెయ్యమ్మా!"

అరుస్తూనే సీట్ల మధ్యనున్న చేతి బ్రేకు మీట పట్టుకుని పైకి లాగి, అలాగే ఉంచాడు. నర్సమ్మ రెండు కాళ్ళూ సీటు మీదకి లాగేసుకుంది. కాలు తీస్తే చాలు వేగం తగ్గే కారు అది, ఆ గుణం ఆ రోజు కాపాడింది. టైర్లు కీచుమన్నాయి. ఇద్దరూ బెల్టుల మీద వేలాడారు. కారు ఆగింది.

అద్దానికీ కారుకీ మధ్య జానెడు.

చెప్పు తొడుక్కుని పైకి లేచిన మనిషి, కారుని చూశాడు, అద్దాన్ని చూశాడు, మళ్ళీ కారుని చూశాడు. "కళ్ళు నెత్తికెక్కాయా? మనిషి కనపడలేదా?" అని నాలుగు తిట్లు తిట్టి, బండి తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

కారుని రోడ్డు పక్కకి తీసి ఆపారు.

"తప్పు నాదే" అంది నర్సమ్మ చివరికి. "కానీ మాస్టారూ... మీరెందుకు బ్రేకు వెయ్యలేదు? ఎప్పుడూ వేస్తారుగా."

అబద్ధం చెప్పడానికి మంచి అవకాశం. కాలు బెణికిందనొచ్చు, చూసుకోలేదనొచ్చు. మాస్టారు వంగి మ్యాట్ ఎత్తాడు. నాలుగు చిల్లులు చూపించాడు.

"తీసేయించానమ్మా. వారంటీ కోసం. మర్చిపోయి మిమ్మల్ని ఎక్కించుకున్నాను."

నర్సమ్మ ఆ చిల్లుల వైపే చూస్తూ కూర్చుంది. తర్వాత చాలా నెమ్మదిగా అంది. "మా వార్డులో ఖాళీ ఆక్సిజన్ సిలిండర్ పేషెంటు పక్కన పెడితే నా ఉద్యోగం పోతుంది. పోవాలి కూడా. నేను ఇన్నాళ్ళూ తోలింది మీ కాలుని నమ్ముకుని."

ముందు అరలో ఫోన్ మళ్ళీ గుర్రుమంది. ఈసారి తీశాడు. "ఏమండీ, ఎక్కడున్నారు? బ్రేకు..." భార్య ఏడుస్తోంది. "తెలుసే. ఏం కాలేదు. ఇద్దరం బాగానే ఉన్నాం. తమ్ముణ్ణి పానాలు తీసుకుని షోరూమ్‌కి రమ్మను" అని పెట్టేశాడు. మిగతా దారి ఆయనే తోలాడు.

నాలుగూ నలభైకి షోరూమ్ చేరారు. కౌంటర్ వెనక కళ్ళజోడు పెట్టుకున్న ఒక మేడమ్. "త్వరగా రండి సార్, ఐదుకి సిస్టమ్ మూసుకుపోతుంది" అంది. మాస్టారు డిక్కీలోంచి తెచ్చిన తువ్వాలు మూటని బల్ల మీద పెట్టి విప్పాడు. ఇనుము ఠంగుమంది.

"మేడమ్, ఇది నా కారుకి ఉండే రెండో బ్రేకు. పొద్దున ఊడదీశాం, మీకు కనపడకుండా. ఇంటికెళ్ళి మళ్ళీ పెట్టుకుంటాను. ఇదుంటే మీరు వారంటీ ఇస్తారా, ఇవ్వరా?"

ఆవిడ ఆ ఇనుము వైపు చూసింది, ఆయన వైపు చూసింది. కాగితాలు తిప్పింది. లోపలికెళ్ళి ఎవరితోనో మాట్లాడి వచ్చింది. గడియారంలో ఎనిమిది నిమిషాలు మిగిలాయి.

"ఇవ్వలేం సార్. బ్రేకులో మార్పు చేసిన బండికి పొడిగింపు లేదు." గొంతు తగ్గించి అంది, "మీరు చెప్పకపోతే నేను సంతకం పెట్టేసేదాన్ని."

"మరి ఛార్జర్ పోయిన రోజు?"

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఆ రోజు మాత్రం మ్యాట్ ఎత్తుతాం సార్. మొదట చూసేది అదే."

మాస్టారు తువ్వాలు మళ్ళీ చుట్టుకుని బయటికొచ్చాడు. బావమరిది అప్పుడే బైకు దిగుతున్నాడు.

"అయిపోయిందా బావా?"

"అయిపోయింది. కుదరదన్నారు. నేనే చెప్పేశాను."

"చెప్పేశావా? నీకేమైనా పిచ్చా బావా? రేపు లక్షా అరవై ఎవడిస్తాడు, నేనా?"

"ఎవరూ ఇవ్వరు. ముందు ఇది బిగించు."

"ఇక్కడా? రోడ్డు మీదా?"

"ఇక్కడే."

మాస్టారి మొహం చూసి బావమరిది సంచీ విప్పాడు. వెల్లకిలా పడుకుని, సణుక్కుంటూ నాలుగు బోల్టులూ బిగించాడు. షోరూమ్ షట్టర్ దిగింది. నర్సమ్మ దగ్గరికొచ్చి, పక్క సీట్లో తను కూర్చుని, తన కాలితో ఆ బ్రేకుని ఒకసారి, రెండుసార్లు, మూడోసారి గట్టిగా తొక్కి చూసింది. అప్పుడు దిగి అటు తిరిగి వచ్చింది.

"ఇప్పుడు తోలతాను మాస్టారూ. ఆ ఫ్లైఓవర్ మీంచే."

తోలింది. చెమటలు కక్కుకుంటూనే తోలింది. ఈయన కాలు బ్రేకు మీదే ఉంది, ఒక్కసారి కూడా తొక్కాల్సిన పని పడలేదు.

ఇంటి దగ్గర భార్య గేటు పట్టుకుని నిలబడి ఉంది. ముందు నర్సమ్మ చేతులు పట్టుకుంది. మొగుడితో మాత్రం అన్నం పెట్టేదాకా మాట్లాడలేదు. పెడుతూ అంది, "ఆ యాభై ఎనిమిదీ విడిగా పెట్టేస్తున్నాను. రిపేరొస్తే వాడుకోడానికి నెలకి ఇంకో రెండు వేలు కలుపుదాం. చాలదనుకోండి."

"చాలదు" అన్నాడాయన.

తిన్నాక కారుకి ఛార్జింగ్ వైరు గుచ్చడానికి ఇద్దరూ బయటికొచ్చారు. ఎప్పుడూ ఆయనొక్కడే గుచ్చి వచ్చేస్తాడు. ఆ రోజు ఇద్దరూ నిలబడి చూశారు. పసుపు లైటు వెలిగింది. వెలిగి, అలాగే ఉంది. ఆవిడ ఆయన చొక్కా అంచు పట్టుకుంది. కాసేపటికి టక్కుమని చప్పుడొచ్చి, ఛార్జింగ్ ఎక్కుతున్నట్టు పచ్చ లైటు వచ్చింది.

"హమ్మయ్య" అంది. "రోజూ ఇలాగేనా ఇంక?"

"రోజూ ఇలాగే" అన్నాడు మాస్టారు. బోర్డు దగ్గరికెళ్ళి, మర్నాడు పొద్దున ఏడు గంటలకి, పరీక్షకి ముందు, నర్సమ్మ పేరు రాశాడు.

అదండీ. మీ ఇంట్లోనో, మీ ఆఫీసులోనో ఎవరో ఒకరు బండి తోలడం నేర్చుకుంటూ ఉంటారు. ఈ కథ వాళ్ళకి పంపండి. సీట్లో కూర్చోగానే, పక్క సీటు ముందు బ్రేకు ఉందో లేదో, మ్యాట్ ఎత్తి మరీ ఒక్కసారి చూసుకోమనండి. మాస్టారు ఏమనుకుంటాడోనని మొహమాటపడొద్దని కూడా చెప్పండి.