లూర్దమ్మ ముఖం కింద మాట

మునేరు పొంగి ఐతవరం దగ్గర హైవే ఎక్కిన ఏడాది.

ఊరంతా బురద వాసన. గోడలకు బురద వాసన, దుప్పట్లకు బురద వాసన, గిన్నెలో అన్నానికీ అదే వాసన.

వరద తగ్గాక లూర్దమ్మ దుప్పట్లు ఉతుక్కురావడానికి ఏటికి వెళ్లింది.

ఎప్పుడూ మోకాలి లోతు నీళ్లే అక్కడ. ఇసుక తవ్వినవాళ్లు ఎంత లోతు తవ్వారో నీళ్లు చెప్పలేదు. పైన చదునుగానే ఉన్నాయి...

ముందు దుప్పటి తేలింది.

తర్వాత లూర్దమ్మ.

ఆమె మొగుడు జీవరత్నం ఏడవలేదు. కాపురమంతా ఆమె మాట్లాడింది, ఆయన విన్నాడు. ఇప్పుడు వినడానికీ ఏమీ లేదు.

నందిగామలో స్క్రీన్ ప్రింటింగ్ చేసి బతికిన మనిషి. పెళ్లి కార్డులు. చనిపోయినవాళ్ల జ్ఞాపకార్థ కార్డులు. చర్చి వెనక రేకుల షెడ్డులో కాలనీ వాళ్లకు పోస్టర్లు వెయ్యడం నేర్పిందీ ఆయనే. కూలి పెంచాలని ఒకసారి, ఇళ్ల స్థలాలని ఒకసారి...

ఈసారి లూర్దమ్మ. ఆ ఇసుక గుంటకు జవాబుదారీ ఎవరో పోస్టరు అడగాలి. అంతే.

గుడ్డ బిగించిన ఫ్రేము మీద ఆమె ముఖం. ఇంకు పోసి రబ్బరుతో లాగితే కాగితం మీద ఆమె ముఖం. మళ్లీ లాగితే మళ్లీ ఆమె. తీగల మీద తడిగా ఆరుతూ —

ఇంతమంది లూర్దమ్మలు. ఒక్కరూ మాట్లాడరు.

ముఖం కింద మాట ఆయనే రాశాడు. చెయ్యి అలవాటు కొద్దీ రాసుకుపోయింది: "ప్రభువు పిలుపునందుకున్నది."

టీచరు జాయిస్ చూసింది. మైదా జిగురు కలిపిన మోజెస్ చూశాడు. తప్పెవరికీ కనిపించలేదు. కాలనీలో పోయిన ప్రతి మనిషి ముఖం కిందా ఆ మాటే ఉంటుంది.

కంచికచర్ల దాకా గోడలన్నిటికీ అంటించారు.

కేసు పెట్టాలని కాలనీ వాళ్లు ధర్నాకు కూర్చున్న టెంటు దగ్గరికే ఇసుక కాంట్రాక్టరు మనిషి వరప్రసాదరావు వచ్చి నవ్వాడు.

"ప్రభువు పిలిచాడని మీరే అచ్చేసుకున్నారు కదయ్యా! మళ్లీ మామీద కేసేంటి? ఆయన మీదే పెట్టుకోండి."



"అందరం చూశాం పెదనాన్నా," అంది జాయిస్. "నీ ఒక్కడి తప్పా?"

"ఏం చూశాంలే," అన్నాడు మోజెస్. "ప్రార్థనలో కళ్లు మూసుకున్నట్టు చూశాం."

జీవరత్నం గోడ మీది ముఖం వంక చూశాడు. బతికుంటే అనేది — ఏవయ్యా, నోరు లేని మనిషివని ఊరుకుంటే, చివరికి నా గురించి నువ్వన్న మాట ఇదా?

మర్నాడు పొద్దున్నే షెడ్డు తీశాడు. ఫ్రేము మీద ఆ మాటకు టేపు అతికించాడు. ముఖం ఒక్కటే లాగాడు. కింద కాగితం తెల్లగా మిగిలింది.

అక్కడ బ్రష్షుతో, మూడో తరగతితో చదువాగిన వంకర అక్షరాలతో, ఒక్కో కాగితం మీదా రాశాడు:

"గుంటలో పడి చచ్చిపోయింది నా లూర్దమ్మ. గుంట తవ్విందెవరు?"

రాసిన ప్రతిసారీ ఆమె మునిగింది.

రాస్తూనే ఉన్నాడు.

తడి ఆరకముందే కాగితాలు చేతి మీద వేసుకుని, జిగురు బకెట్ పట్టుకుని, ఒక్కడే హైవే ఎక్కాడు...