రాగి బిళ్ళలు చెల్లని శుక్రవారం

సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో మా క్లీనింగ్ కంపెనీ ఆడవాళ్ళ హాస్టల్‌కి గేటు లోపల ఒకటే దుకాణం. రియాల్ కింద పైసల్లాంటి హలాలాల చిల్లర దొరక్క, దుకాణం నడిపే ఖాదర్ రాగిరేకుతో బిళ్ళలు కొట్టించి ఇచ్చేవాడు. మీద తాళంచెవి గుర్తు. ఒక్కోటి అర రియాల్. సబ్బుకీ, దుకాణంలో ఫోనుకీ చెల్లేవి. మేము గేటు దాటేది తక్కువ. అందుకే జడ వేసినా, జాకెట్టు కుట్టినా బిళ్ళలే ఇచ్చుకునేవాళ్ళం.

ఆ శుక్రవారం ఖాదర్ లేడు. ఎగ్జిట్ వీసా మీద తిరిగి దేశానికి వెళ్ళిపోయాడట. కొత్తగా వచ్చిన లాల్ అహ్మద్, సీతాబాయి ఫోనుకని చాపిన బిళ్ళలు చూసి తల అడ్డంగా ఊపాడు.

"యే మేరా నహీఁ, అమ్మా. రియాల్ లావో."

సీతాబాయి కూతురికి నిన్న నొప్పులు మొదలయ్యాయి. నిజామాబాద్ ఆసుపత్రిలో చేర్చామని మరిది చెప్పాక మరో కబురు లేదు. జీతం మొన్ననే ఇంటికి పంపేసింది. ఆమెకు మిగిలినవి ఈ పద్దెనిమిది బిళ్ళలే.

వెనక వరుసంతా కలవరపడింది. అందరి రుమాళ్ళలోనూ అవే ఉన్నాయి.

"చెల్లవంటనా? నాతాన డెబ్బై ఉండాయి!" అంది కుట్టుపని చేసే కడప రహమత్బీ. "ఇంగ హారం చేయించుకోని మెళ్ళో ఏసుకోవాల్సిందే."

"అక్కా, నిన్న కుట్టుకూలికి తీస్కుంటివి గదా. ఇయ్యాల రియాళ్ళియ్యి," అంది వరుసలో ఒకామె.

"నిన్న ఖాదర్ ఉన్న్యాడు మే."

సీతాబాయి నావైపు తిరిగింది. "ఉమా..."

జీతం దాకా నాకున్నది ఒక్క పది రియాళ్ళ నోటు. పెట్టెలో నావీ నలభై మూడు బిళ్ళలు. ఆమెవి నేను కాదంటే నావీ ఉత్త రాగిరేకులే. నోటు లాల్ అహ్మద్ ముందు పెట్టి, ఆమె బిళ్ళలు తీసుకున్నాను.

ఆమె మరిదికి కలిపింది. అవతల ఫోన్ మోగింది. ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ కలిపింది. సీతాబాయి నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఆఁ... చెప్పు, చెప్పు..." ఆమె వేళ్ళు వదులయ్యాయి. "ఆడపిల్లనట. ఇద్దరూ మంచిగున్నరట!"

నేను రెండు బిళ్ళలు తీసి రహమత్బీ ముందు చాపాను. "అక్కా, నా జాకెట్టు చంక దగ్గర చిరిగింది."

ఆమె లాల్ అహ్మద్‌ని చూసింది, బిళ్ళలని చూసింది, కళ్ళు తుడుచుకుంటున్న సీతాబాయిని చూసింది.

"తీసకరా పో," అంటూ బిళ్ళలు చున్నీకి తుడిచి దాని చెంగున ముడేసుకుంది. ఆ ముడి ఆమె రెండుసార్లు బిగించింది.