రెండో కాయిల్

“బండికేం కాలేదు, నువ్వు క్లచ్ మీంచి కాలు తియ్యవు, అదీ రోగం” అన్నాడు మా ఆయన, ప్లేటు దగ్గరికి లాక్కుంటూ. నాలుగు నెలలుగా ఇదే పాట. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, నా చిన్న కారు చలిజ్వరం వచ్చినట్టు వణికిపోతుంది. ఇంజిన్ మిస్సింగ్ కొడుతోందని మెకానిక్‌కి చెప్తే, “సార్‌ని పంపండి మేడం, ఆయనకి చెప్తా” అంటాడు. సార్‌కి బానెట్ ఎలా తెరుచుకుంటుందో తెలియదు. అయినా సారే వెళ్ళి రెండుసార్లు ప్లగ్గులు మార్పించుకొచ్చాడు. వణుకు అలాగే ఉంది. చివరికి, “అమ్మేద్దాం. ఆదివారం పదింటికి ఒకాయన చూడ్డానికొస్తున్నాడు. నిన్ను నేను దింపుతాగా” అని తేల్చేశాడు. ఆయన ఆఫీసు తొమ్మిదిన్నరకి, ల్యాబ్‌లో నా డ్యూటీ ఏడింటికి. ఆ మాటే అంటే, “అయితే మానెయ్, ఇంట్లో నీకేం తక్కువ?” అన్నాడు. నిజమే, ఏమీ తక్కువ లేదు, చాకిరీతో సహా.

నాకు ఒళ్ళు మండింది. నా జీతంతో, నా పేరు మీద కొన్న కారది. పద్నాలుగేళ్ళుగా రక్తపరీక్షలు చేస్తున్నదాన్ని. రీడింగు తేడాగా వస్తే తప్పు మిషన్‌దా, మందుదా అని ఒక్కొక్కటే మార్చి చూస్తాం కానీ, నర్సు నడక బాగాలేదని తీర్మానించం. కారుకి మాత్రం ఇంకో పద్ధతి ఎందుకుంటుంది?

ఆదివారం పొద్దున్నే పొయ్యి వెలిగించకుండా బానెట్ ఎత్తాను. తాళం తిప్పడానికి ఒక మనిషి కావాలి. దొరికింది అత్తయ్య. “కారేసుకుని ఊరేగే కోడలు మా వంశంలో లేదు” అన్నది ఈవిడే. ఎప్పుడూ వెనక సీటు తప్ప ఎరగని మనిషి, ఏమనుకుందో ఏమో, వచ్చి డ్రైవర్ సీట్లో బిక్కుబిక్కుమంటూ కూర్చుంది.

మూడు సిలిండర్లకి మూడు కాయిల్స్, ప్లగ్గులకి నిప్పురవ్వ అందించేవి. ముందు అన్నీ ఉన్నవున్నట్టే స్టార్ట్ చేయించి వణుకు చూశాను. తర్వాత ఇంజిన్ ఆపి, ఒకటో కాయిల్ వైరు ఊడదీసి, మళ్ళీ తిప్పమన్నాను.

“అమ్మో, ఇందాకటికంటే ఎక్కువ ఊగిపోతోందే!”

అంటే అది పనిచేస్తున్నట్టే. దాని వైరు పెట్టేసి రెండోది తీశాను.

“ఏం తేడా లేదు. మొదట ఎలా ఊగిందో అలాగే ఉంది.”

దొంగ దొరికాడు. కానీ తప్పు కాయిల్‌దా, కింది ప్లగ్గుదా? రెండో కాయిల్‌నీ మూడో కాయిల్‌నీ తారుమారు చేసి మళ్ళీ చూశాం. ఈసారి మూడో వైరు తీస్తే తేడా లేదు. రోగం కాయిల్‌తోపాటే వెళ్ళింది.

“తీసేసినా తేడా తెలీకపోతే పనిచెయ్యనట్టన్నమాట” అంటూ అత్తయ్య, హాల్లో ఫోన్ చూసుకుంటున్న కొడుకు వైపు ఓ చూపు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇద్దరం పడీపడీ నవ్వాం.

వీధి చివర స్పేర్ పార్ట్స్ కొట్టతను, “మెకానిక్ ఎవరమ్మా?” అన్నాడు. “నేనే” అన్నాను. కొత్త కాయిల్ తెచ్చి బిగించాను. ఇంజిన్ నిమ్మళంగా తిరిగింది, వణుకన్నది లేదు. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. తప్పు నా కాలిదేనని ఈ నాలుగు నెలల్లో నేనూ నమ్మడం మొదలుపెట్టాను మరి.

అంతలో పదయింది, కొనడానికొచ్చినాయన్ని వెంటబెట్టుకుని మా ఆయన కారు దగ్గరికొచ్చాడు. “విన్నారా, ఎంత స్మూత్‌గా ఉందో! దగ్గరుండి చేయించాను.”

నేను చేతులు తుడుచుకుని, “అమ్మడం లేదండీ. శ్రమ ఇచ్చాం, ఏమీ అనుకోకండి” అన్నాను.

మా ఆయన మొహం కందగడ్డలా అయింది. “అమ్మా, నువ్వు ముందు దిగు. దీనికి కాస్త బుద్ధి చెప్పు.”

అత్తయ్య రెండు చేతులతోనూ స్టీరింగ్ గట్టిగా పట్టుకుంది. “నేను దిగను. కోడలు నాకు నడపడం నేర్పిస్తానంది. నువ్వెళ్ళి గేటు తియ్యరా.”

నేనలా అన్నట్టు నాకు గుర్తులేదు. అయినా పక్క సీటు తలుపు తీసి ఎక్కి కూర్చున్నాను.