పాషా పరదాలు

హసబల్లా ముప్పైతొమ్మిదో తొడుగుల జతను మెట్టు అంచుకేసి కొట్టాడు. దుమ్ము రాలలేదు. నిన్న సాయంత్రమే దులిపాడు కాబట్టి రాలదని తెలుసు. అయినా కొట్టాడు. దగ్గర దగ్గర నలభై ఏళ్ళుగా పొద్దున్నే అతని మొదటి పని అదే.

జతలన్నిటినీ పాలరాతి మెట్ల కింద వరసగా పేర్చాడు. పెద్దవి ఎడమవైపు, ఆడవాళ్ళవీ పిల్లలవీ కుడివైపు. పైకి చూస్తే అవి ముతక కాన్వాసు సంచులు, మడమ దగ్గర నాడా. ఇప్పుడు యూనివర్సిటీ చేతిలో ఉన్న ఈ కైరో మహలు చూడవచ్చినవాళ్ళు జోళ్ళు విప్పక్కర్లేదు. జోళ్ళమీదనే ఈ తొడుగులు వేసుకుని, నాడా బిగించుకుని, పైఅంతస్తులోని చెక్క నేలమీద నడవాలి. తొడుగుల అడుగున ఏ గుడ్డ వేసి కుట్టారో ఇన్నేళ్ళలో ఒక్కరూ తిప్పి చూడలేదు.

అతను పొడుగు మనిషి. నలుపు. నేల రుద్ది రుద్ది నడుం ఎడమవైపుకి ఒరిగిపోయింది. మోకాళ్ళమీద చర్మం ఒంటె మోకాలిలా కాయ కాసింది. ఎంత కడిగినా చేతుల్లోంచి మైనం వాసన పోదు. భార్య బతికున్నప్పుడు ఆ చేతుల్తో రొట్టె తుంచనిచ్చేది కాదు, తనే తుంచి పెట్టేది. ఇప్పుడు ఆ వాసనతోనే తింటున్నాడు.

గేటు కాపలా గాబిర్ రెండు రొట్టెలు, గిన్నెలో ఫూల్, టీ పట్టుకొచ్చాడు. ఇద్దరూ మెట్ల పక్కన కూర్చున్నారు. ఆ ఫూల్‌లోని ఉడికిన చిక్కుడుగింజల్ని హసబల్లా రొట్టెముక్కతో మెదిపాడు.

"ఉద్యోగం ఇవాళ్టితో సరి కదా బాబాయ్. రేపు పొద్దున లేచి ఏం దులుపుతావు?"

"నిన్ను."

"టీ తాగు. నాలుగు చెంచాల చక్కెర వేశా. ఇక నీకు షుగరొస్తే యూనివర్సిటీకి సంబంధం లేదు."

హసబల్లా నవ్వలేదు. టీ మాత్రం తాగాడు. ఇవాళ ఒక మాట చెప్పాలి. మూడేళ్ళుగా దాన్ని నోట్లో పెట్టుకుని తిరుగుతున్నాడు.

గ్లాసు గాబిర్‌కిచ్చి పైకి వెళ్ళి దర్బారు హాల్లో జనానికి అడ్డంగా తాడు కట్టాడు. ఆ తాడు ఎక్కడ కట్టాలన్నది అతని విద్య. జనం ఎప్పుడూ గది నడిమధ్యనే నడుస్తారు. అక్కడ నేల అద్దంలా ఉండి, కిటికీల పక్క మసకబారుతుంది. అందుకని సోమవారం తాడు మధ్యకి లాగి జనాన్ని కిటికీలవైపు తోలతాడు, బుధవారం గోడవైపు. వాళ్ళు పైకప్పు బంగారు పూత చూస్తూ కాళ్ళీడ్చుకుంటూ పోతారు. వాళ్ళు చూడ్డానికి వచ్చామనుకుంటారు. హసబల్లా లెక్కలో వాళ్ళు నేల మెరుగుపెట్టే పనివాళ్ళు.

ఆ ఉపాయం అతనిది కాదు. దహీబాది.

దహీబా, అతని భార్య, ఈ మహల్లోనే పుట్టింది. ఆమె తండ్రి ఇద్రీస్, ఈ మహలు యజమాని దుర్రీ పాషాకి భోజనాల బల్ల దగ్గర వడ్డించేవాడు. రాజరికం పోయి పాషా ఓడెక్కి వెళ్ళిపోతే, మహలు కాలేజీ అయింది, తర్వాత యూనివర్సిటీ అయింది. ఇద్రీస్ అదే తెల్లటి పొడుగంగీ, గలాబియాలో గుమాస్తాలకి కాఫీ ఇచ్చాడు. ఎవరూ అడక్కుండానే ప్రతి శుక్రవారం నిచ్చెనెక్కి దర్బారు హాలు పరదాలు బ్రష్షుతో దులిపేవాడు. పదకొండు జతల ఎర్ర మఖమల్ పరదాలు, అంచున బంగారు జరీతో పాషా ముద్ర, నెలవంక. ముప్పైయేళ్ళు దులిపాడు.

హసబల్లా ఉద్యోగంలో చేరిన రెండో ఏట కొత్తగా వచ్చిన ఒక పెద్ద ఆఫీసరుకి హాలు చీకటిగా ఉందనిపించింది. పరదాలు పీకించి వెనకదొడ్లో బాయిలరు పక్కన పోయించాడు. ఆ చలికాలం కైరోలో రెండు వానలు పడ్డాయి. గుడ్డ మురిగి కంపు కొట్టింది, పిల్లులు ఈనాయి. అప్పటికి ఉద్యోగం మానుకుని వంటిల్లు వెనకగదిలో ఉంటున్న ఇద్రీస్ మూడు రోజులు ఆ కుప్ప పక్కనుంచే నమాజుకి వెళ్ళాడు. నాలుగోరోజునుంచి దారి మార్చాడు.

దహీబా స్టోరు ఆఫీసరుని అడిగింది. "ఈ చెత్త ఎత్తుకుపోతే నీకు పుణ్యముంటుంది" అన్నాడతను. పదకొండు సార్లు నెత్తిమీద మోసింది. మేడమీద ఉతికి, బూజుపట్టింది కోసేసి, మిగిలినదాన్ని గోనె సూదితో రెండు నెలలు కుట్టింది. నేల మెరుగుపెట్టే యంత్రం అప్పటికి ఆర్నెల్లుగా చెడిపోయి ఉంది. మఖమల్ నూగు కిందికి, కాన్వాసు పైకి. ఎనభై జతల తొడుగులు. ఇప్పటికి మిగిలినవి ముప్పైతొమ్మిది. సూదిపోటుకి ఆమె చూపుడువేలు గోరు నల్లబడిపోయి, మళ్ళీ సరిగా రాలేదు.

హసబల్లా కాళ్ళకున్న జత వేరు. కుడి తొడుగు అడుగున సరిగ్గా నడుమ జరీ నెలవంక వచ్చేట్టు కుట్టింది. "పాషా చంద్రుడిమీద నువ్వు నడువు" అంది. అది చిరిగినప్పుడు ఎర్రదారం లేక నీలిదారంతో మాటువేసింది. ఆమె వేసిన ఆఖరి కుట్టు అదే.

పదింటికి బస్సొచ్చింది. మన్సూరా ఊరినుంచి పాతికమంది రిటైరైన బడిపంతుళ్ళు. లబీబ్ అనే లెక్కల మేష్టారు మెట్టుమీద కూర్చుని తొడుగు లాక్కుంటూ, "ఇంట్లో మా ఆవిడ జోళ్ళు విప్పమంటుంది, ఇక్కడ మీరు జోళ్ళకి జోళ్ళు తొడగమంటారు. నా కాళ్ళమీద నాకే హక్కు లేదు" అన్నాడు. హసబల్లా వంగి ఆయన నాడా బిగించాడు.

వాళ్ళకి మహలు చూపించేది డాక్టర్ నెవీన్. చరిత్ర శాఖలో పాఠాలు చెబుతుంది. చక్కటి గొంతు, శుభ్రమైన మాట. హసబల్లాని బాబాయ్ అంటుంది, పండక్కి మిఠాయి ఇస్తుంది. జనం అంతకుముందూ వచ్చేవాళ్ళు, ఇలా వెంట ఉండి చెబుతూ చూపించడం మాత్రం ఆరేళ్ళ కిందట ఆమె మొదలుపెట్టిందే. ఆరేళ్ళుగా దర్బారు హాల్లో అదే చోట నిలబడి, చెయ్యెత్తి ఖాళీ ఇత్తడి కడ్డీలు చూపించి, అదే మాట చెబుతుంది.

ఇవాళా చెప్పింది. "ఈ కడ్డీలకి పదకొండు జతల ఫ్రెంచి మఖమల్ పరదాలుండేవి. పాషా వెళ్ళిపోయిన వారంలోనే సేవకులు వాటిని దోచుకున్నారు. మన వారసత్వాన్ని మన చేతుల్తోనే ఎలా పోగొట్టుకున్నామో చూడండి."

పంతుళ్ళు నోరు చప్పరించారు. పాపం అన్నారు.

నాలుగేళ్ళ కిందట, బాగుచేసిన తొడుగుల మూట పట్టుకుని దహీబా ఆ తలుపు వెనకే నిలబడి ఈ మాట విన్నది. ఇంటికెళ్ళి బెండకాయలు తరుగుతూ అడిగింది. "మా నాన్నని దొంగంటోంది. ఎన్నాళ్ళుగా వింటున్నావు?"

"రెండేళ్ళు."

"నోరు మూసుకునే ఉన్నావా?"

"పింఛనుకి ఇంకా నాలుగేళ్ళుంది."

ఆమె మళ్ళీ అడగలేదు. ఏడాది తిరిగి రంజాన్ నెలలో మూత్రపిండాలు చెడి చనిపోయింది. చివరి వారం ఆసుపత్రిలో అన్నీ మాట్లాడింది, ఈ సంగతి మాత్రం ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదని హసబల్లా ఇప్పటికీ అనుకుంటాడు. తిట్టినా బాగుండేది. ఆమెను మట్టిచేసి వచ్చిన రోజున, ఉద్యోగం ఆఖరి రోజున ఆ మాట చెబుతానని ఒట్టుపెట్టుకున్నాడు. పింఛను చేతికొచ్చాక చూపించే ధైర్యం ఏపాటిదో అతనికి తెలుసు. అంతకంటే లేదు అతని దగ్గర.

"మేడమ్," అన్నాడు తలుపు దగ్గర్నుంచి. "దోచుకోలేదు."

నెవీన్ వెనక్కి తిరిగింది. నలభై ఏళ్ళలో అతను హాల్లో మాట్లాడటం అదే మొదటిసారి.

"ఏంటి బాబాయ్?"

"పరదాలు ఎవరూ దోచుకోలేదు. యూనివర్సిటీయే పీకి దొడ్లో పోసింది. నేను చూశాను. అప్పటిదాకా వాటిని దులిపింది మా మామ. పాషా సేవకుడు. మీరు దొంగన్నది ఆయన్నే."

"అలా ఎక్కడా రాసిలేదే."

"పారేసినవాడు రాసుకుంటాడా? ఒకసారి కాలెత్తి చూడండి మేడమ్. మీ కాలే."

ముందు లబీబ్ మేష్టారు ఎత్తాడు. ఒంటికాలిమీద ఊగుతూ పక్కావిడ భుజం పట్టుకుని, అడుగు తిప్పి చూశాడు. అరిగిన మఖమల్, మైనం పట్టి నల్లబడ్డ ఎరుపు. తర్వాత ఒకరొకరుగా అందరూ ఎత్తారు. ఒకావిడ అడుగున జరీ ఆకు బయటపడింది. పాతికమంది ముసలివాళ్ళు కొంగల్లా ఒంటికాలిమీద నిలబడి పాషా పరదాల్ని చూసుకున్నారు.

"మంచిదే," అన్నాడు లబీబ్. "ఇందాకట్నుంచి దొంగసొత్తుమీద నిలబడి దొంగల్ని తిడుతున్నాం." తర్వాత నవ్వు మాని అడిగాడు. "కుట్టినావిడ ఎవరయ్యా?"

"దహీబా. ఇద్రీస్ కూతురు. నా భార్య."

ఆ హాల్లో ఆ పేరు పైకి పలకడం కూడా అదే మొదటిసారి. పైకప్పు ఎత్తుగా ఉండటంవల్ల పేరు కాసేపు నిలిచింది.

నెవీన్ తన తొడుగు విప్పి చేతిలోకి తీసుకుంది. మఖమల్‌ని వేలితో రాసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. హసబల్లా ఆశపడ్డాడు.

"నూట ఇరవై ఏళ్ళనాటి గుడ్డ," అంది. "కత్తెరతో కోశారా బాబాయ్? దీంతో నేల తుడిపిస్తున్నారా?"

"కుళ్ళిపోతుంటే తెచ్చుకుంది మేడమ్."

"అనుమతి కాగితం ఉందా?"

"మురికిగుడ్డకి కాగితమెవరిస్తారు?"

"మరి అనుమతి లేకుండా తీసుకుంటే దాన్నేమంటారో మీరే చెప్పండి."

లబీబ్ ఏదో అనబోయాడు. ఆమె అప్పటికే ఫోను తీసి పైవాళ్ళతో మాట్లాడుతోంది, ఎంతో సంతోషంగా. పరదాలు దొరికాయని చెబుతోంది.

మధ్యాహ్నానికి తొడుగులన్నీ గోనెసంచిలోకి వెళ్ళాయి. ఇద్దరు గుమాస్తాలు చేతులకి రబ్బరు తొడుగులేసుకుని వచ్చి తీసుకెళ్ళారు. అద్దాల బీరువాలో పెట్టడానికి ఒకటి కావాల్సివచ్చింది. అన్నీ తిప్పి చూసి, నెవీన్ హసబల్లా కాళ్ళవైపు చూసింది.

"ఆ నెలవంక ఉన్నది కూడా ఇవ్వండి బాబాయ్."

కూర్చుని విప్పి ఇచ్చాడు. కుడిది బీరువాలోకి, ఎడమది సంచిలోకి.

రెండు గంటలకి వచ్చే బృందం కోసం నీలం ప్లాస్టిక్ తొడుగులు తెప్పించారు. హసబల్లా దర్బారు హాల్లో బీరువా ముందు మేజోళ్ళతో నిలబడ్డాడు. కంప్యూటరులో తీసి కత్తిరించిన చీటీ ఒకటి అప్పుడే అంటించారు. పల్లెబడి చదువు, వేలుపెట్టి కూడబలుక్కుని చదివాడు. 'దర్బారు పరదా ముక్క. సేవకులు అపహరించి కోసినది. విశ్వవిద్యాలయం కనుగొని భద్రపరచినది.'

"ఇందులో ఆమె పేరు రాయండి మేడమ్."

నెవీన్ గొంతు తగ్గించింది. "పేరు రాస్తే కేసవుతుంది బాబాయ్. మీ పింఛను కాగితాలు ఇంకా కదలాలి. మీ మంచికోసమే రాయించలేదు."

"దొంగ అని రాసి పేరు రాయకపోవడం మంచా?"

"వాళ్ళెవరూ ఇప్పుడు లేరు కదా."

"నేనున్నాను."

బృందం మెట్లెక్కుతోంది. ఆమె వెళ్ళి తన చోట నిలబడి, చెయ్యెత్తి కడ్డీలు చూపించింది. ఇప్పుడు కడ్డీలనుంచి బీరువావైపు చూపించడానికి చెయ్యి కాస్త పక్కకి తిప్పితే చాలు. కథ ఇంకా బాగా కుదిరింది. జనం ప్లాస్టిక్ కాళ్ళతో బరబరా చప్పుడు చేస్తూ హాలు నడిమధ్యలోంచి పోయారు. వాళ్ళు తెచ్చిన ఇసుక చెక్కమీద సన్నటి తెల్లగీతలు గీసింది. అతను మోకాళ్ళమీద కూర్చోబోయి ఆగాడు. తాడు విప్పేసి, చుట్టచుట్టి, మూల పెట్టాడు.

కింద గాబిర్ తాళాలు తీసుకుని కౌగిలించుకున్నాడు. తర్వాత అన్నాడు, "నీ వీడ్కోలుకి కేక్ తెప్పిస్తామన్నారు బాబాయ్. అయిదింటికి ఫోటో కూడా తీస్తారట."

"వాళ్ళనే తినమను."

చెప్పులు వేసుకుని వంటిల్లు వెనకగది పక్కగా, బాయిలరు దాటి, ఇద్రీస్ నడవడం మానేసిన దారిలోనే నడిచి, దొడ్డిగేటులోంచి వెళ్ళిపోయాడు. బస్సులో చోటు దొరికింది. మూడేళ్ళుగా నోట్లో పెట్టుకున్న మాట ఇప్పుడక్కడ లేదు. నోరు మాత్రం ఇంకా చేదుగానే ఉంది.

అయిదింటికి హాలు మూసేశారు. అద్దం వెనక కుడికాలి తొడుగు అడుగు పైకి పెట్టి ఉంది, అరిగిన ఎరుపుమీద జరీ నెలవంక, దానికడ్డంగా చీటీలో ఎక్కడా రాయని నీలిదారం కుట్టు.