కర్టెన్ల కొట్టులో కంపెనీ

పొద్దున్నే కొట్టు తలుపు తీసి, ఇస్త్రీపెట్టె వేడికి పెట్టి, మిషన్లకు నూనె వేశాక, కర్టెన్లావిడ కంపెనీకి కుర్చీ తుడిచి వేస్తుంది. కంపెనీ అప్పటికే గుమ్మం దగ్గర నిలబడి ఉంటుంది. బూడిదరంగు కోటు, చేతిలో ఒక సంచి, నడుముకు కట్టుకున్న చిన్న సంచి ఇంకొకటి. ముక్కు కర్టెన్లావిడది, గడ్డం ఆవిడ మొగుడిది. "ఏం అక్కా, టీ తాగావా?" అంటూ వచ్చి కూర్చుంటుంది. తను మాత్రం ఏమీ ముట్టదు.

కొట్టుని కంపెనీగా రాయించి, రిజిస్ట్రేషన్ నంబరు చేతికొచ్చిన రోజే ఆమె వచ్చింది. ఆ దేశంలో అది మామూలే. పక్క సెలూను తాలూకు కంపెనీ బొజ్జేసుకుని మధ్యాహ్నందాకా గురకపెడుతుంటాడు. ఎదురుగా ఉన్న బ్యాంకు కంపెనీ ఒక గదిలో పట్టక మేడమెట్ల మీద కూడా కాళ్ళు చాపుకుని ఉంటాడని చెప్పుకుంటారు. బయటి దేశం నుంచి వచ్చిన ఆలుమగలిద్దరూ మొదట్లో బిత్తరపోయారు గానీ, వారం తిరక్కుండానే అలవాటు పడిపోయారు.

"ఆవిడ వేరే మనిషండీ," అని ఆడిటరు గారు మొదటిరోజే చెప్పారు. "తన సంపాదన తనది, దాని మీద పన్ను తనే కట్టుకుంటుంది. మీకు కావలసింది జీతంగా తీసుకోండి, ఆ జీతానికి మీ పన్ను మీరు కట్టండి. ఆ నడుం సంచి చూశారా? బిల్లులో అమ్మకం పన్ను వేస్తాం కదా, అది అందులో పడుతుంది. అది మీదీ కాదు, ఆవిడదీ కాదు. సర్కారుది. గడువొచ్చేదాకా దాచిపెట్టడమే మన పని."

ఇద్దరూ బుద్ధిగా తలూపారు. ఒక్క ముక్క బుర్రకెక్కలేదు.

మొగుడిది పెద్ద చెయ్యి. ఇంట్లోకి కూరలు, కరెంటు బిల్లు, మరదలి పెళ్ళికి కానుక, అన్నీ కంపెనీ సంచిలోంచే. "మనింటి మనిషి దగ్గర మొహమాటమేంటే?" అనేవాడు. కర్టెన్లావిడ కూడా, తర్వాత సర్దుకుందాంలే అనుకునేది. ఒకరోజు మంచి మిషను బేరానికొస్తే, ఆయన నడుం సంచి ముడి విప్పాడు.

"అన్నా, అది..." అంది కంపెనీ.

"తెలుసులేమ్మా, మళ్ళీ పెట్టేస్తాగా."

మర్నాటికి కంపెనీకి ఒళ్ళు కాలిపోయింది. కోటు వదులైంది. కిటికీ ఎండలో కూర్చుంటే, ఆమెలోంచి వెనకాల గోడ కనబడింది.

ఆడిటరు గారు వచ్చి, కళ్ళజోడు పైకి తోసుకుని, కంపెనీ మణికట్టు పట్టుకుని చూశారు. "నడుం సంచిలో చెయ్యి పెట్టిందెవరు?"

మొగుడు ఫ్యాను వైపు చూశాడు.

"బేరాలు లేని మొదటి నెలల్లో పన్ను రిటర్ను కూడా వెయ్యలేదా?"

"వ్యాపారమే లేదు కదండీ, ఇంక ఏం చెప్తాం?" అంది కర్టెన్లావిడ.

"లేదనే చెప్పాలమ్మా. ఊరెళ్ళినవాడు క్షేమంగా ఉన్నానని కబురు పెట్టడూ? అలాగే." ఆయన గొంతు తగ్గించారు. "ఆవిడా మీరూ ఒకటేనన్నట్టు మీరే వాడుకుంటే, రేపు నష్టం వచ్చినప్పుడు అప్పిచ్చినవాళ్ళూ ఒకటేనంటారు. తిన్నగా మీ ఇంటి మీదికొస్తారు."

కర్టెన్లావిడ ఇంటి తాళంచెవి తీసి కొంగుకి ముడేసుకుంది. ఆ రెండు గదుల ఇల్లు ఆవిడ వేరేవాళ్ళ కొట్లలో నడుము పడిపోయేలా కుట్టి కొనుక్కున్నది. ఇంకేం పోయినా తట్టుకుంటుంది గానీ, అది పోతే తట్టుకోలేదు.

ఆ రోజునుంచి మొగుడు సాయంత్రాలు వేరేవాళ్ళ సరుకు బండి తోలాడు. వాడుకున్నదంతా సంచుల్లో తిరిగి చేరింది. ఆలస్యానికి జరిమానా కట్టారు, రిటర్నులు వేశారు. కంపెనీ ఒంటికి మళ్ళీ రంగొచ్చింది. కర్టెన్లావిడైతే ఇంట్లో దిండు గలీబు కుట్టుకున్నా కంపెనీకి డబ్బిచ్చి బిల్లు రాయించుకునేది. "నీ చాదస్తం తగలెయ్య!" అని నవ్వేవాడు ఆయన.

తర్వాత ఒక పెద్ద హోటలు గదులన్నిటికీ కర్టెన్లు కావాలంది. కంపెనీ పేరు మీద గుడ్డ అరువు తెచ్చి, రెక్కలు ముక్కలు చేసుకుని కుట్టారు. సగం కర్టెన్లు వేలాడదీశాక హోటలు మూతపడింది. పైసా రాలేదు.

గుడ్డల వర్తకుడు తన కంపెనీని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ కంపెనీ గొడుగు పట్టుకున్న లావుపాటాయన. "మీ ఇల్లెక్కడ?" అని గొడుగాయన కర్టెన్లావిడని అడిగాడు.

కంపెనీ కుర్చీలోంచి లేచింది. "గుడ్డ కొన్నది నేను. బాకీ నాది. వీళ్ళింటి దాకా ఎందుకు?"

గొడుగాయన కర్టెన్లావిడనీ, ఆమెనీ మార్చి మార్చి చూశాడు. కంపెనీ భుజం పట్టుకుని నొక్కాడు. గట్టిగానే ఉంది. నడుం సంచి ముడి చెక్కుచెదరలేదు. "నిజమే, వేరే మనిషే," అని గొడుగు మడిచాడు.

కంపెనీలిద్దరూ లోపలి గదిలో మాట్లాడుకున్నారు. బయట వర్తకుడు టీ తాగుతూ, "వాళ్ళూ వాళ్ళూ తేల్చుకుంటార్లెండి," అన్నాడు. నడుం సంచిలోది సర్కారుకి వెళ్ళింది. మిగిలిన గుడ్డ, మిషన్లు, చేతిసంచిలోది ఆఖరి నాణెం దాకా వర్తకుడికి వెళ్ళాయి. కొంత మునిగినా, వర్తకుడు దండం పెట్టే వెళ్ళాడు.

ఖాళీ సంచి మడుచుకుని కంపెనీ గుమ్మం దాటింది.

"ఎక్కడికే?" కర్టెన్లావిడ చెయ్యి పట్టుకుంది.

"నా పని అయిపోయిందక్కా. ఇంటికెళ్ళి పడుకో. నీ ఇంటికి."

కర్టెన్లావిడ నడిరోడ్డు మీద రెండు చేతులూ జోడించి ఏడ్చింది. తోడబుట్టినవాళ్ళు కూడా తనకింత చెయ్యలేదనుకుంది. కంపెనీ మలుపు దాకా నడిచి, ఎండలో కలిసిపోయింది.

మళ్ళీ నిలదొక్కుకుని, ఇంకో నంబరు తెచ్చుకోవడానికి ఏడాది పట్టింది. ఆ పొద్దున కొట్టు తలుపు తీసేసరికి గుమ్మంలో కొత్త కంపెనీ బెరుగ్గా నిలబడి ఉంది. కర్టెన్లావిడ కుర్చీ తుడిచి వేసింది. అప్పట్లో బిల్లు రాయించుకుని కొన్న హోటలు కర్టెను ముక్కతో కుట్టి ఉంచిన చిన్న సంచి తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, తన చేత్తోనే ఆమె నడుముకి కట్టింది.

"ముడి గట్టిగా ఉందా అమ్మా?" అని అడిగింది. "మీ అన్నకి పెద్ద చెయ్యి."