జులైలో ఇచ్చిన జవాబులు

జనవరిలో ఒక శనివారం సాయంత్రం నాలుగు పన్నెండుకి లోలుగు కూర్మారావు తలకి ఎదుటి జట్టు ఆటగాడి మోకాలు తగులుతుంది. రిఫరీ అతన్ని స్టాండు కిందున్న పరీక్ష గదికి పంపుతాడు. నిన్నటిదాకా ఆ గది పొడవు పన్నెండడుగులు. ఇవాళ వంద మీటర్లు. నేల మీద పచ్చిక ఉంది. సున్నపు గీతలున్నాయి. రెండు చివర్లా గోల్ స్తంభాలున్నాయి.

డాక్టర్ సుభాషిణి బల్ల సరిగ్గా మధ్య గీత మీద ఉంది. కూర్మారావు అక్కడికి నడిచేసరికి నిమిషం పడుతుంది.

"పన్నెండు నిమిషాల్లో ఒకటి పోయింది. కూర్చోండి," అంటుందావిడ.

కూర్మారావుకి ముప్ఫై నాలుగేళ్ళు. కబడ్డీ నుంచి రగ్బీకి వచ్చాడు. విశాఖపట్నం క్లబ్బులో జీతం మీద పదకొండు సీజన్లు ఆడాడు. రెండు వందల ఆరు మ్యాచ్‌లు. స్క్రమ్‌లో అతనిది ముందు వరస. ఇటు ఎనిమిది మంది, అటు ఎనిమిది మంది తలలు దూర్చి నెట్టుకుంటుంటే బరువంతా మెడ మీద పడే చోటు అది. ఈ సీజన్లో తలకి దెబ్బ తగలడం నాలుగోసారి. మొదటి మూడుసార్లూ ఈ పరీక్షదాకా రాలేదు. ఈ పరీక్ష తప్పితే అతని ఆట ఇవాళ్టితో సరి.

పరీక్ష పద్ధతి ఇది. సీజను మొదలయ్యేముందు, జులైలో, ప్రతి ఆటగాడినీ కొన్ని ప్రశ్నలడిగి జవాబులు రాయించి పెడతారు. దెబ్బ తగిలిన రోజు అవే ప్రశ్నలు మళ్ళీ అడుగుతారు. జవాబులు కలిస్తే మైదానంలోకి పంపుతారు. అందుకని ఆటగాళ్ళు జులైలో కావాలనే తప్పులు చెబుతారు. జులైలో బాగున్న తల ఎంత మొద్దుగా కనిపిస్తే, జనవరిలో పగిలిన తల అంత మామూలుగా కనిపిస్తుంది. క్లబ్బులో కొత్తవాళ్ళకి పాతవాళ్ళు ముందుగా నేర్పేది ఇదే. కూర్మారావుకి బెవర ధర్మారావు నేర్పాడు. కూర్మారావు తరవాత పందొమ్మిది మందికి నేర్పాడు.

ధర్మారావు ఇప్పుడు పక్క కుర్చీలోనే ఉన్నాడు. చెవి తెగింది. నర్సు కుడుతోంది.

"ఏరా, ఇంకా బతికే ఉన్నావేటి?" అంటాడు.

"నీ చెవేటయింది?"

"ఎక్కడికీ పోలేదు. నర్సమ్మ చేతిలో ఉంది."

సుభాషిణి కాయితం తిప్పుతుంది. "ఇవాళ ఏ వారం?"

"శనివారం."

ఆవిడ ఇంటూ పెడుతుంది. "తప్పు. జులైలో గురువారం అన్నారు."

"ఆవేళ సోమవారమండి. ఊరికే అన్నాను."

"ఊరికే అన్నదాని కింద మీ సంతకం ఉంది. ఒక్కో జవాబు ఒకసారి మార్చుకోవచ్చు."

"అయితే గురువారం."

టిక్కు పడుతుంది. కిటికీ బయట స్కోరు బోర్డు మీద గురువారం అని వస్తుంది. ఎదుటి స్టాండులోంచి బ్యాంకువాళ్ళు, రిజిస్ట్రారు ఆఫీసువాళ్ళు లేచి, క్యారేజీలు పట్టుకుని డ్యూటీకి వెళ్ళిపోతారు. ఎవరూ విసుక్కోరు.

"మీ ఇంటికి మెట్లెన్ని?"

ఉన్నవి ముప్ఫై రెండు. "నలభై," అంటాడు కూర్మారావు. టిక్కు.

"పోనీలేరా, ఎక్కుదువు. మోకాళ్ళు బాగానే ఉన్నాయి గదా," అంటాడు ధర్మారావు.

"పిల్లలెంతమంది?"

కూర్మారావు కిటికీలోంచి చూస్తాడు. ఆరో వరసలో అతని భార్య నీలవేణి ఉంది. పక్క సీట్లో కూతురు జోషిత. ఆరేళ్ళు, ఒకటో తరగతి. జులైలో ఈ ప్రశ్నకి అతను 'లేరు' అన్నాడు. ఆరోజు గదిలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. అతనూ నవ్వాడు.

"ఇంకా ఏడు నిమిషాలు," అంటుంది సుభాషిణి.

"లేరని సెప్పీరా," అంటాడు ధర్మారావు. "ఒక్క మాటే గదా. నువ్వు లేక అక్కడ మనోళ్ళు ఎనక్కి ఎల్పోతన్నారు."

"నవంబర్లో నిన్నూ ఇక్కడికే తెచ్చారు గదా. ఏటి చెప్పావు?"

"పెళ్ళవలేదన్నాను. జులైలో అలాగే అన్నాను మరి. పాసయిపోనాను."

"పద్మ ఎలాగుంది?"

"ఏ పద్మ?"

నర్సు దారం తెంపుతుంది. ధర్మారావు చెవి తడుముకుని మైదానంలోకి వెళ్ళిపోతాడు. నవంబరు నుంచి అతను క్లబ్బు గదిలోనే పడుకుంటున్నాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

"ఒక్కతే," అంటాడు కూర్మారావు. "పేరు జోషిత."

ఇంటూ పడుతుంది. ఆరో వరసలో నీలవేణి తన హ్యాండుబ్యాగు తీసి జోషిత సీట్లో పెడుతుంది. జోషిత బ్యాగుకి చోటిచ్చి అంచుకి జరుగుతుంది.

"మార్చుకుంటారా?"

"మార్చుకోను. ఉన్నమాట అదే."

"కూర్మారావు గారూ, ఇక్కడ ఉన్నమాట రాయడానికి గడి లేదు. కలిసిందా, లేదా అంతే."

"అయితే తప్పించీండి. ఆట మానేస్తాను. పాపని మాత్రం ఉండనీండి."

"మీరు తప్పినా కాయితం మీద మిగిలేది జులై జవాబే."

నీలవేణి బ్యాగు పక్కన నీళ్ళ సీసా కూడా పెడుతుంది. జోషిత ఇప్పుడు ఒంటికాలి మీద నిలబడి ఉంది.

"జులైది దిద్దండి," అంటాడు కూర్మారావు. గొంతు గట్టిగా వస్తుంది.

"రాసినవాడే దిద్దాలి. మీ వెనకే ఉన్నారు, చూడండి."

కూర్మారావు తిరిగి చూస్తాడు. వెనక గోల్ స్తంభాల కింద ఒక బల్ల, దాని ముందు జులై నాటి కూర్మారావు. కనుబొమ్మ మీద కుట్లు లేవు. పెన్ను మూత కొరుకుతున్నాడు.

"వెళ్ళొచ్చా?"

"వెళ్ళకూడదు. మీరింకా ఆటలోనే ఉన్నారు. జవాబు పంపొచ్చు."

రగ్బీలో బంతిని చేత్తో ముందుకి విసరకూడదు. వెనకున్నవాడికే ఇవ్వాలి. ఇది కూర్మారావుకి ఎవరూ చెప్పనక్కర్లేదు. రెండు చేతులూ పొట్ట దగ్గరికి తెచ్చి, భుజం తిప్పి, 'ఒక్కతే' అన్న మాటని వెనక్కి విసురుతాడు. అది యాభై మీటర్లు పోతుంది. జులై మనిషి రెండు చేతులతో పట్టుకుంటాడు.

"ఇది రాస్తే జనవరిలో నాకు ఆట ఉండదు గదా?" అని అరుస్తాడు అక్కణ్ణుంచి.

"ఉండదు."

"మరి నువ్వేటి చేస్తావు?"

కూర్మారావు గడియారం చూస్తాడు. "ముందు రాయి," అంటాడు.

జులై మనిషి పాత జవాబు కొట్టేసి కొత్తది రాస్తాడు. పక్కన పొట్టి సంతకం పెడతాడు. అతను తల ఎత్తేసరికి నాలుగు ఇరవై నాలుగు అవుతుంది.

"జవాబు కలిసింది. కానీ టైము అయిపోయింది. తప్పారు," అంటుంది సుభాషిణి.

"పాప?"

"ఉంది. మీరు ఎవరికిచ్చారో వాళ్ళ దగ్గర."

కూర్మారావు స్టాండుకి పరుగెత్తుతాడు. ఆరో వరస ఖాళీ. రెండో గేటు బయట ఆటో ఆగి ఉంది. జులై మనిషి డ్రైవరుకి కంచరపాలెం దారి చెబుతున్నాడు. నీలవేణి లోపల కూర్చుని ఉంది. కూర్మారావుని చూసి కొంచెం తల వంచుతుంది.

"బాగా ఆడారండి," అంటుంది.

జోషిత ఆటో దిగి వస్తుంది. పెన్ను ఇచ్చి అరచెయ్యి చాపుతుంది. మ్యాచ్ అయ్యాక పిల్లలు ఆటగాళ్ళ దగ్గర సంతకాలు తీసుకోవడం మామూలే. కూర్మారావు ఆ అరచేతిలో సంతకం పెడతాడు. జోషిత ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుతుంది.

"ఇది మా నాన్న పేరు," అంటుంది.

"అవునమ్మా."

"మీరెందుకు రాశారు?"

"నాకు రాయడం వచ్చింది అదొక్కటే."

జోషిత అతని కుడిచేతి చూపుడువేలు పట్టుకుని ఆటో ఎక్కుతుంది. ఆటో కదులుతుంది. ఆమె వేలు వదలదు. కూర్మారావు గేటు దగ్గర నిలబడే ఉంటాడు. చెయ్యి సాగుతుంది.

నాలుగు నలభై అయిదుకి చెయ్యి దొండపర్తి దాటుతుంది. సిటీ బస్సులు దాని దగ్గర వేగం తగ్గించి, ఎక్కి దిగుతాయి. తాటిచెట్లపాలెంలో ఒకావిడ దాని మీద తడి చీర ఆరేస్తుంది. కూర్మారావుకి భుజం లాగుతుంది. అయిదున్నరకి వేళ్ళకి ఫ్యాను గాలి తగులుతుంది. తరవాత వేలి కొసకి గరుకుగా, చల్లగా ఒక పలక తగులుతుంది. జోషిత ఆ వేలిని బలపంలా పట్టుకుని హోంవర్కు మొదలుపెడుతుంది.

ఆరుంపావుకి మొదటి కణుపు అరిగిపోతుంది. జోషిత పలక రెండోవైపు తిప్పుతుంది.