రంగులు తెలిసిన పెద్దాయన

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరమ్మ "ఈ మందు ఇచ్చాక మూత్రం రంగు..." అని మొదలుపెట్టిందో లేదో, పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"రంగుల సంగతి నాకు చెప్తారా అమ్మా? ముప్పై ఏళ్లుగా పెయింట్ల కొట్టు నడుపుతున్నాను."

ఆవిడ సరేనని మత్తు ఎక్కించింది.

మర్నాడు పొద్దున మంచం పక్కన వేలాడుతున్న మూత్రం సంచి చూసుకునేసరికి పెద్దాయన పై ప్రాణాలు పైనే పోయాయి. అందులో ఉన్నది ఇనప గేట్లకు వేసే సిసలైన ఆకుపచ్చ రంగు. ఇక తన పని అయిపోయిందనుకుని, తోడుగా ఉన్న తమ్ముడి చెయ్యి పట్టుకుని భోరుమన్నాడు.

"ఒరేయ్, ఆ రోజు స్కూలు గోడలకి రంగు తప్పు కలిపింది నువ్వు కాదురా, నేనే. నెపం నీ మీద వేసి కొట్లోంచి గెంటేశాను. క్షమించరా."

పదిహేనేళ్లుగా ఊరంతా ఆ తమ్ముణ్ణే రంగులు తెలియని వెధవ అనుకుంటోంది.

అంతలో డాక్టరమ్మ వచ్చి, సంచి చూసి నవ్వింది. "నిన్న నేను చెప్పబోయింది ఇదేనండీ. ఆ మందుకి కొద్దిమందికి ఇలా ఆకుపచ్చగా వస్తుంది. ప్రమాదమేమీ లేదు, సాయంత్రానికి పోతుంది."

పెద్దాయనకు ప్రాణం లేచొచ్చింది. దాంతోపాటు గొంతూ లేచింది.

"ఇందాకటి మాటలు పట్టించుకోకురా. మత్తులో ఏదో వాగి ఉంటాను. ఆ రంగు కలిపింది ముమ్మాటికీ నువ్వే."

"మత్తు నిన్ననే దిగిపోయిందండీ" అంది డాక్టరమ్మ.

తమ్ముడు ఆ సంచి వంక ఆప్యాయంగా చూశాడు.

"ఈ రంగే నయం అన్నయ్యా. సాయంత్రం దాకా అయినా నిలుస్తుంది."